లీడ్‌కు డబ్బు కట్టే ముందు: ఆన్‌లైన్‌లో కస్టమర్లను వెతుక్కునే దళిత పనివారు తెలుసుకోవాల్సినవి

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్, కార్పెంటర్, టైల్స్ మేస్త్రీలకు పని దొరికే దారులు ఒకప్పుడు మూడే. పొద్దున్నే అడ్డా మీద నిలబడాలి. లేదా పెద్ద మేస్త్రీ పిలవాలి. లేదా హార్డ్‌వేర్ షాపు యజమాని ‘మావాడున్నాడు, మంచి పనివాడు’ అని ఎవరికో నంబర్ ఇవ్వాలి. ఈ మూడు దారుల్లోనూ కులం ఉంది. ఆ ‘మావాడు’ అన్న మాటలోనే ఉంది. షాపు యజమానుల్లో, కాంట్రాక్టర్లలో, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దల్లో దళితులు ఎంతమంది ఉన్నారో చూస్తే, ఆ మాట ఎవరికి అందుతుందో తెలిసిపోతుంది.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక నాలుగో దారి తెరుచుకుంది. పరిచయం అక్కర్లేదు, డబ్బు కడితే కస్టమర్ నంబర్ మీ ఫోన్‌కే వస్తుందని కంపెనీలు చెప్పాయి. పరిచయాలు లేని పనివాడికి ఇది చిన్న విషయం కాదు. ఐటీఐ చేసి, పని వచ్చి, పిలిచేవాళ్లు లేక ఖాళీగా ఉన్న దళిత యువకులు చాలామంది ఈ దారిలోకి వచ్చారు. కొందరు నిలదొక్కుకున్నారు. చాలామంది మొదటి ప్యాకేజీ డబ్బులు పోగొట్టుకుని మళ్లీ అడ్డాకు వెళ్లారు.

తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ఈ వ్యాపారంలోని ఒక విషయం గుర్తుంచుకోవాలి. కస్టమర్ ‘సరే’ అనకముందే లీడ్‌కు డబ్బు కట్టాలి. ధర నచ్చక వద్దన్నా, ఇంటి పేరు విని వద్దన్నా కట్టిన డబ్బు పనివాడిదే, పోయేదీ అతనిదే. అంటే కులం చూసి వెనక్కి పంపిన ప్రతిసారీ ఆ ఖర్చు వెనక్కి వచ్చినవాడి జేబులోంచే పోతుంది.

లీడ్ సేవలు ఎన్ని రకాలు

లీడ్ అంటే పని చేయించుకోవాలనుకునే మనిషి పేరు, ఫోన్ నంబర్, ప్రాంతం, పని వివరం. వీటిని అమ్మే పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది డైరెక్టరీ పద్ధతి. 1996లో మొదలైన జస్ట్‌డయల్ ఇందుకు ఉదాహరణ. 2021లో రిలయన్స్ రిటైల్ ఆ సంస్థను తన చేతిలోకి తీసుకుంది. పేరు నమోదు చేసుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. కానీ వెతికినవాళ్లకు పై వరుసలో కనిపించాలన్నా, ఎక్కువ ఎంక్వైరీలు రావాలన్నా ప్యాకేజీ కొనాలి. ఒకే ఎంక్వైరీ పలువురికి వెళ్తుంది.

రెండోది క్రెడిట్ పద్ధతి. ముందుగా వాలెట్‌లో డబ్బు వేసుకోవాలి. లీడ్ తీసుకున్న ప్రతిసారీ కొంత కోత పడుతుంది. సులేఖ, ఇండియామార్ట్ లాంటి సంస్థలు ఈ దారిలో పేరు తెచ్చుకున్నాయి. ఇండియామార్ట్ ఎక్కువగా సరుకుల వ్యాపారులకు పనికొస్తుంది. ఇక్కడ కూడా మీరు కొన్న లీడ్ మీ ఒక్కరికే అమ్మి ఉండరు.

మూడోది ప్లాట్‌ఫామే పని అప్పగించే పద్ధతి. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై, 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ ఇందులో పెద్దది. తొలి ఏళ్లలో ఇది కూడా కస్టమర్ వివరాలను పనివారికి పంపే పద్ధతిలోనే నడిచింది. తర్వాత ధర, శిక్షణ, సామగ్రి, రేటింగ్ అన్నీ తన చేతిలోకి తెచ్చుకుంది. ఇక్కడ కస్టమర్‌తో బేరం ఉండదు. దాని బదులు కమీషన్ పోతుంది. రేటింగ్ పడిపోతే పని ఆగుతుంది. 2021 అక్టోబర్‌లో గురుగ్రామ్‌లో ఆ సంస్థ కార్యాలయం ముందు బ్యూటీ పని చేసే మహిళలు కమీషన్లు, పని షరతుల మీద నిరసనకు దిగారు. ఆ తర్వాత సంస్థ కమీషన్లలో కొంత తగ్గింపు ప్రకటించింది. అడిగితే మారుతుందనడానికి అది ఒక రుజువు.

లీడ్ నాణ్యత మీద ఫిర్యాదులు మన దగ్గరే కాదు. అమెరికాలో హోమ్ అడ్వైజర్ అనే లీడ్ సంస్థ తన లీడ్‌ల గురించి పనివారికి తప్పుడు మాటలు చెప్పి అమ్మిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 72 లక్షల డాలర్ల వరకు చెల్లించాలని 2023లో ఉత్తర్వు వచ్చింది. పని చేయించుకోవడానికి సిద్ధంగా ఉన్న కస్టమర్లని చెప్పి, ఊరికే ధర కనుక్కునేవాళ్ల నంబర్లు అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్న పాత జబ్బే.

ఒక్కో పనికి ఎంత పడుతోంది

ప్యాకేజీ అమ్మేవాళ్లు ఒక్కో లీడ్ ఎంతో చెప్తారు. మీరు చూడాల్సింది చేతికొచ్చిన ఒక్కో పనికి ఎంత పడిందన్నది.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. లీడ్ ఒక్కటి 150 రూపాయల చొప్పున నెలకు 20 లీడ్‌లు కొన్నారు. 3,000 అయింది. ఫోన్ ఎత్తినవాళ్లు 12 మంది. ‘వచ్చి చూడండి’ అన్నవాళ్లు ఆరుగురు. ఒక్కో ఇంటికి వెళ్లిరావడానికి పెట్రోలు 100 వేసుకుంటే 600. మొత్తం ఖర్చు 3,600. పని ఇచ్చినవాళ్లు ముగ్గురు. మెటీరియల్, హెల్పర్ కూలి పోగా ఒక్కో పనిలో 2,000 మిగిలితే మొత్తం 6,000. లీడ్ ఖర్చు తీసేస్తే మీకు మిగిలింది 2,400.

ఇప్పుడు ఆ ముగ్గురిలో ఒకరు గుమ్మం దగ్గర ‘ఏ ఊరు, ఇంటి పేరేంటి, మీరేమిట్లు’ అని అడిగి, ‘మళ్లీ ఫోన్ చేస్తాం’ అన్నారనుకోండి. ఖర్చు అదే 3,600. రాబడి 4,000. మిగిలింది 400. ఒక్క తలుపు మూసుకుంటే నెల మిగులులో 2,000 పోయింది. పక్కనే అదే పని, అదే ధరకు చేసే మరో కులం మేస్త్రీకి ఈ నష్టం ఉండదు. కాబట్టి ‘లీడ్ ధర అందరికీ ఒకటేగా’ అన్న మాట కాగితం మీదే నిజం.

ప్యాకేజీ ధర మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. జీఎస్టీ నమోదు లేని చిన్న పనివాడు దాన్ని తిరిగి రాబట్టుకోలేడు. అందుకే లీడ్ ధర చెప్పినప్పుడు పన్ను కలిపి చెప్పమని అడగాలి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, లీడ్ ఖర్చు, ఫోన్ ఎత్తారా, ఇంటికి వెళ్లారా, పని వచ్చిందా, రాకపోతే ఏం చెప్పారు అనే ఆరు గళ్లు గీసుకోండి. ప్యాకేజీ కొనసాగించాలా వద్దా అన్నది రెండు నెలల్లో ఈ పుస్తకమే చెప్తుంది. ‘ఏం చెప్పారు’ అన్న గడి ముందుముందు ఫిర్యాదుకూ పనికొస్తుంది.

కులం ఎక్కడెక్కడ బయటపడుతుంది

యాప్‌లో కులం అడిగే గడి ఉండకపోవచ్చు. అయినా అది అనేక చోట్ల తెలిసిపోతుంది.

పేరు మొదటిది. మన దగ్గర రెడ్డి, చౌదరి, శర్మ, గౌడ్, చారి అన్న తోకలు ఉన్నాయి. తోక లేని పేరు కూడా ఒక సమాచారమే. ఏసు, ప్రభుదాస్, మరియదాస్ లాంటి పేర్లు వినగానే చాలామంది ఒక అంచనాకు వస్తారు. వడ్రంగి పనికి ‘ఆచారి’ కావాలని అడిగే కస్టమర్లు ఇప్పటికీ ఉన్నారు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత పేరు పక్కన ‘మాదిగ’ అని సగర్వంగా రాసుకున్న తరం ఉంది. ఆ పేరు ఆధార్‌లో ఉంటే ప్రొఫైల్‌లోకీ వస్తుంది.

రెండోది చిరునామా. అంబేద్కర్ నగర్, ఎస్సీ కాలనీ, దళితవాడ, మాలపల్లి, మాదిగవాడ అని ఉంటే ఇక చెప్పేదేముంది.

మూడోది యూపీఐ. క్యూఆర్ స్కాన్ చేయగానే బ్యాంకు ఖాతాలోని పూర్తి పేరు కనిపిస్తుంది.

నాలుగోది చాలామంది గమనించనిది, ఉద్యమ్ సర్టిఫికెట్. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకుంటే కేంద్రం ఉచితంగా ఇచ్చే ఈ పత్రం మీద యజమాని సామాజిక వర్గం కూడా అచ్చవుతుంది. లీడ్ సంస్థ ధ్రువీకరణ కోసం అడిగినప్పుడు దాన్ని ఇవ్వడం వేరు, గ్యాలరీలో ఫొటోగా పెట్టడం వేరు.

అయిదోది అపార్ట్‌మెంట్ గేటు. రిజిస్టర్‌లో పేరు, ఊరు రాయించి, ఫొటో తీసి, సర్వీస్ లిఫ్ట్ చూపించే చోటు.

ఇది అనుమానం మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపి చేసిన పరిశోధన 2007లో వెలువడింది. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67 మాత్రమేనని, ముస్లిం పేరుకు అది 0.33 అని తేలింది. అర్హత మారలేదు, పేరే మారింది. ప్లాట్‌ఫామ్‌ల మీదా అంతే. ఎయిర్‌బీఎన్‌బీలో ఆఫ్రికన్ అమెరికన్ పేర్లున్న అతిథులను ఒప్పుకునే అవకాశం 16 శాతం తక్కువని 2017లో అచ్చయిన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం చూపింది. మన దేశంలో 2022లో లక్నోలో ఒక దళిత ఫుడ్ డెలివరీ యువకుడు, తన కులం తెలిసి ఆహారం తీసుకోలేదని, దాడి చేశారని ఫిర్యాదు చేస్తే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది.

ఆ యువకుడు నిమిషం సేపు గుమ్మం దగ్గర నిలబడే పనిలో ఉన్నాడు. ప్లంబర్ వంటగదిలోకి వెళ్లాలి, కార్పెంటర్ పడకగదిలో రెండు రోజులు పని చేయాలి. దేవుడి గదికి రంగు వేయాలంటే పెయింటర్ లోపల అడుగుపెట్టాలి. గుమ్మం దాటే కొద్దీ కులం ప్రశ్న గట్టిపడుతుంది.

ఏ కేటగిరీలో పేరు పెడుతున్నారు

నమోదు చేసే ఉద్యోగి ఒక్కోసారి మిమ్మల్ని అడక్కుండానే అదనపు కేటగిరీలు కలిపేస్తాడు. ప్లంబర్‌గా పేరు ఇస్తే డ్రైనేజీ బ్లాక్, సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ కూడా చేరతాయి. ఎంక్వైరీలు ఎక్కువ వస్తాయని చెప్తారు. వచ్చేవి ఆ ఎంక్వైరీలే.

ఇక్కడ కచ్చితంగా ఉండాలి. మనుషులు అశుద్ధం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టంలోని సెక్షన్ 7 ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. దించినవాళ్లకు మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడతాయి. ‘రెండు వేలు ఎక్కువిస్తాం, ఒక్క అయిదు నిమిషాలు’ అన్న కస్టమర్ మంచి కస్టమర్ కాదు. ఆ ట్యాంకుల్లోని విషవాయువు ప్రాణం తీయడానికి అయిదు నిమిషాలు కూడా అక్కర్లేదు. సీవర్ మరణాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గానీ, దించడం ఆగలేదు.

కాబట్టి ప్రొఫైల్‌లో ఏయే కేటగిరీలు ఉన్నాయో మీరే తెరిచి చూసుకోవాలి. వద్దనుకున్నవి తీయించాలి. ‘బాత్‌రూమ్ ఫిట్టింగ్స్, పైప్‌లైన్, మోటార్, ట్యాంక్ కనెక్షన్’ అని పని స్పష్టంగా రాయించాలి. పేరు ప్లంబర్‌దైనా వచ్చే పని మురుగుదైతే, తాతల నాటి పనే యాప్ ద్వారా మళ్లీ మన చేతికి వచ్చినట్టు.

మంచి కస్టమర్‌ను ఫోన్‌లోనే గుర్తుపట్టడం

మంచి కస్టమర్ ఎవరు? చెప్పిన పనే చేయించుకుని, ఒప్పుకున్న డబ్బు పని అయిన రోజే ఇచ్చి, మళ్లీ పిలిచి, పక్కింటివాళ్లకూ నంబర్ ఇచ్చేవారు. వీళ్లను పూర్తిగా ముందే పట్టలేం. కానీ పెట్రోలు పోసుకుని బయల్దేరే ముందు అయిదు ప్రశ్నలు అడగవచ్చు.

ఒకటి, పని ఏమిటి, వాట్సాప్‌లో ఫొటో లేదా చిన్న వీడియో పంపగలరా? నిజంగా పని ఉన్నవాళ్లు పంపుతారు. రెండు, ఎప్పటికి కావాలి? ‘ఊరికే రేటు తెలుసుకుందామని’ అంటే ఫోన్‌లోనే అంచనా చెప్పి వదిలేయండి. మూడు, ఇల్లు సొంతమా, అద్దెదా, డబ్బు ఇచ్చేది ఎవరు? అద్దెకున్నవాళ్లు పిలిచి, ఇంటి యజమాని డబ్బు ఎగ్గొట్టే తగాదాలు తరచూ వస్తాయి. నాలుగు, మెటీరియల్ ఎవరు తెస్తారు? అయిదు, వచ్చి చూసినందుకు విజిటింగ్ చార్జి ఇంత, పని ఇస్తే బిల్లులో తగ్గిస్తాను, సరేనా?

ఈ అయిదో ప్రశ్న కులం విషయంలోనూ కొంత కాపాడుతుంది. గుమ్మం దగ్గర మనసు మార్చుకున్నా రానూపోనూ ఖర్చు వస్తుంది. ఫోన్‌లో పని గురించి కాకుండా మీ ఊరి గురించి, ఇంటి పేరు గురించే రెండుసార్లు అడిగితే మీకు కావాల్సిన సమాచారం అందినట్టే. ‘పని గురించి చెప్పండి సార్’ అని ఒకసారి మర్యాదగా మళ్లించి చూడండి. అప్పటికీ వదలకపోతే వెళ్లాలా వద్దా మీరే తేల్చుకోండి.

వెళ్లాక అంచనా నోటితో చెప్పి ఊరుకోకండి. పని, మెటీరియల్, కూలి, ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఎంత అన్నది అక్కడే నిలబడి వాట్సాప్‌లో పంపండి. వాళ్లు ‘ఓకే’ అని పెడితే అది ఒప్పందానికి సాక్ష్యం. పెద్ద పనులైతే మెటీరియల్ డబ్బు ముందు, సగం పనికి కొంత, పూర్తయ్యాక మిగతాది. మధ్యలో పని పెంచితే మళ్లీ మెసేజ్. కూలి ఎగ్గొట్టేవాళ్లకు దళిత పనివాడు సులువుగా దొరుకుతాడు, గట్టిగా అడిగితే అతన్నే బెదిరించవచ్చని వాళ్ల ధీమా. రాతలో ఉన్న ఒప్పందం ఆ ధీమాను తగ్గిస్తుంది.

పేరు, చిరునామా ఎంతవరకు చూపాలి

ఇందులో తప్పు, ఒప్పు అని ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేదు. ‘జై భీమ్ ఎలక్ట్రికల్స్’ అని బోర్డు పెట్టుకుని దర్జాగా బతికేవాళ్లు ఉన్నారు. ముందు పని చూపించి, తర్వాత పేరు చెప్పుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ ఆత్మగౌరవమే. ఎంత చూపాలో నిర్ణయించే హక్కు యాప్‌ది కాదు, మీది. ఆ హక్కు వాడుకోవడానికి కొన్ని మార్గాలున్నాయి.

ప్రొఫైల్‌లో సొంత పేరు బదులు వ్యాపారం పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరుతోనే ఉద్యమ్ నమోదు చేసుకుని బ్యాంకులో కరెంట్ ఖాతా తెరిస్తే యూపీఐలో కూడా ఆ పేరే వస్తుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో షాపు లేకుండా ఇళ్లకు వెళ్లి పని చేసేవారు చిరునామా దాచి, తాము వెళ్లే ప్రాంతాలు మాత్రమే చూపవచ్చు. ఇలా 20 ప్రాంతాల వరకు పెట్టుకోవచ్చు. ‘ఎస్సీ కాలనీ’ బదులు ‘కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట’ అని కనిపిస్తుంది. ఫొటోల్లో మనిషి కంటే చేసిన పని ఎక్కువగా పెట్టండి. పనికి ముందు, పని తర్వాత తీసినవి ఉంటే ఇంకా మంచిది.

చట్టం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ కష్టం

ఏ కారణం చెప్పకుండా ‘వద్దులే’ అన్న కస్టమర్ మీద కేసు నిలబడటం కష్టం. కానీ మాట బయటపడిన చోట చట్టం ఉంది.

1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం సెక్షన్ 4 ప్రకారం అంటరానితనం పేరుతో వృత్తి, వ్యాపారం చేసుకోనివ్వకపోవడం నేరం. నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా ఉంటాయి.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఇంకా బలమైనది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనికి కొత్త నేరాలను చేర్చింది. వృత్తి, వ్యాపారం చేయకుండా అడ్డుకోవడం అందులో ఒకటి. సామాజిక, ఆర్థిక బహిష్కరణ మరొకటి. పని ఇవ్వడానికి, లావాదేవీ జరపడానికి నిరాకరించడం, డబ్బుకు సేవ చేసే అవకాశాన్ని దక్కనివ్వకపోవడం ‘ఆర్థిక బహిష్కరణ’ నిర్వచనంలోనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘ఆ కులం ప్లంబర్‌ను పిలవొద్దు’ అని ఎవరైనా రాస్తే, ఆ స్క్రీన్‌షాట్ చాలా విలువైనది. ఈ నేరాలకు ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

కులం పేరుతో తిట్టినా, అవమానించినా ఇదే చట్టం వర్తిస్తుంది. అయితే అది ‘ప్రజల కంటపడే చోట’ జరగాలి. బయటివాళ్లు ఎవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పనివాడు అవమానపడేది ఎక్కువగా ఇంటి లోపలే కాబట్టి ఇది పెద్ద చిక్కు. అందుకే వెంట హెల్పర్ ఉంటే, వాచ్‌మన్ లేదా పక్కింటివాళ్లు విని ఉంటే వాళ్ల వివరాలు వెంటనే రాసిపెట్టుకోవాలి. కాల్ రికార్డు, మెసేజ్‌లు, బుకింగ్ రద్దయిన స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. ఫిర్యాదుకు పోలీస్ స్టేషన్‌తో పాటు జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ స్పష్టం చేసింది.

ఇంకో చేదు నిజం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు గుమ్మం దగ్గర ఎదురయ్యే కులం మారదు గానీ, ఈ చట్టం రక్షణ దొరకడం కష్టమవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇది వేలాది కుటుంబాల సమస్య.

ప్యాకేజీ సంతకం పెట్టే ముందు

సేల్స్ ఉద్యోగి నోటిమాటగా చెప్పిన ‘నెలకు ఇన్ని లీడ్‌లు గ్యారంటీ’ ఒప్పందంలో ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ మాటే వాట్సాప్‌లో రాయమనండి. రాయనంటే ఆ గ్యారంటీ లేనట్టే. ఒక లీడ్‌ను ఎంతమందికి అమ్ముతారు, రాంగ్ నంబర్ అయితే క్రెడిట్ తిరిగి వస్తుందా, ఎన్ని రోజుల్లో అడగాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్ చేస్తారు అన్నవి ముందే తేల్చుకోండి. ఏడాది ప్యాకేజీతో మొదలుపెట్టవద్దు. అతి తక్కువ కాలానిది తీసుకుని పైన చెప్పిన నోటుపుస్తకంతో చూసుకోండి.

ఆటోపే మీద సంతకం చేస్తున్నారా అన్నది ముఖ్యం. నెలనెలా ఖాతాలోంచి డబ్బు కోసుకునే అనుమతి అది. కార్డు, యూపీఐ ఆటోపే అయితే రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు కోసే ముందు, కనీసం 24 గంటల ముందుగా సమాచారం రావాలి. యూపీఐ ఆటోపేను ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. బ్యాంకు ద్వారా ఇచ్చిన మాండేట్‌ను బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఆపమని కోరవచ్చు.

ఒకసారి దొరికిన కస్టమర్‌ను నిలుపుకోవడం

లీడ్ డబ్బు పెట్టి కొన్న కస్టమర్ రెండోసారి కూడా అదే యాప్ ద్వారా వస్తే మీరు మళ్లీ డబ్బు కట్టాలి. డైరెక్టరీ, క్రెడిట్ పద్ధతుల్లో వచ్చిన కస్టమర్ నంబర్ మీదే. పని అయ్యాక వాట్సాప్ బిజినెస్‌లో సేవ్ చేసుకుని బిల్లు, గ్యారంటీ అందులోనే పంపండి. గూగుల్ ప్రొఫైల్ లింక్ ఇచ్చి రెండు మాటలు రాయమని అడగండి. లీడ్ యాప్‌లో వచ్చిన రేటింగ్ ఆ యాప్ వదిలితే పోతుంది. సొంత ప్రొఫైల్‌లో వచ్చింది మీతోనే ఉంటుంది. పని అప్పగించే ప్లాట్‌ఫామ్‌లలో మాత్రం కస్టమర్‌ను బయట కలిస్తే ఐడీ బ్లాక్ చేసే షరతులు ఉంటాయి, చదువుకుని నడుచుకోవాలి.

నలుగురైదుగురు కలిస్తే ఇంకా మేలు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్, కార్పెంటర్ కలిసి ఒకే పేరు, ఒకే నంబర్‌తో ఒక ప్రొఫైల్ పెడితే ఒకరి కస్టమర్ మిగతావారికీ పని ఇస్తారు. లీడ్ ఖర్చు నలుగురి మీద పడుతుంది. అగ్రకులాల కాంట్రాక్టర్లు బంధువుల మధ్య ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే.

ప్రభుత్వం కూడా ఒక కస్టమరే. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి తీసుకోవాలని 2012 నాటి కొనుగోలు విధానం చెప్తోంది. ఇది వస్తువులు, సేవలకే, వర్క్స్ కాంట్రాక్టులకు కాదు. ఉద్యమ్ సర్టిఫికెట్ మీది సామాజిక వర్గం పనికొచ్చేది ఇక్కడే.

సంస్థలను, ప్రభుత్వాన్ని అడగాల్సినవి

ఇంతవరకు చెప్పినవన్నీ పనివాడు తనను తాను కాపాడుకునే జాగ్రత్తలు. వివక్ష భారమంతా అతని జాగ్రత్త మీదే వేయడం న్యాయం కాదు.

2018లో ఎయిర్‌బీఎన్‌బీ తన విధానం మార్చి, బుకింగ్ ఖాయమయ్యే వరకు అతిథి ఫొటోను ఇంటి యజమానికి చూపడం ఆపింది. 2020లో అమెరికాలో తమ వేదికపై జాతి వివక్ష ఎంతుందో కొలిచే పనీ మొదలుపెట్టింది. మన లీడ్ సంస్థలు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఫొటో అన్నీ తీసుకుంటాయి. ఏ పనివాడిని ఎంతమంది గుమ్మం దగ్గర వెనక్కి పంపారో లెక్క వాళ్ల సర్వర్లలో ఉండగలదు. ఆ కోణంలో తీసి చూడమని అడగాలి. పని ఖాయమయ్యే వరకు పేరు బదులు నైపుణ్యం, రేటింగ్ మాత్రమే చూపాలని, ఇంటికి వెళ్లాక కస్టమర్ రద్దు చేస్తే కారణం రాయించి పనివాడికి క్రెడిట్ తిరిగి ఇవ్వాలని, కులం అడిగిన కస్టమర్ ఖాతాపై చర్య తీసుకోవాలని కోరాలి. ఈ మూడూ చేయడానికి కొత్త సాంకేతికత అక్కర్లేదు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, అగ్రిగేటర్లు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం గిగ్ కార్మికుల సంక్షేమ నిధికి ఇవ్వాలంటోంది. పని అప్పగించే ప్లాట్‌ఫామ్‌లు దీని కిందికి వస్తాయి. ‘మేం ప్రకటనలు అమ్ముతాం, అంతే’ అనే లీడ్ సంస్థలు తప్పించుకునే ప్రమాదం ఉంది. వాటినీ చేర్చమనడం, ఫిర్యాదుల యంత్రాంగంలో కుల వివక్షను విడిగా రాయించడం గిగ్ కార్మిక సంఘాలు, దళిత సంఘాలు కలిసి ఎత్తుకోవాల్సిన డిమాండ్లు. అందుకు కావాల్సిన సాక్ష్యం మొదట పనివారి దగ్గరే పోగవుతుంది. కాబట్టి ఆ నోటుపుస్తకంలో ఆరో గడిని ఖాళీగా వదలకండి.